డైపర్ అంచు

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సు జూలూరుపాడు చేరకముందే మా నాలుగు నెలల బాబు మూడోసారి నా చీర తడిపేశాడు. డైపర్ సైజు మార్చి చూశాను, ఖరీదైనవి కొని చూశాను, ఏం చేసినా కారుతూనే ఉంది. "నీకు పిల్లాణ్ణి ఎత్తుకోవడం కూడా రాదు" అన్న మా అత్తగారి మాట గుర్తొచ్చి, వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టి కొత్తది విసురుగా చుట్టాను.

"గట్ల కాదు బిడ్డా, మళ్ల కారుతది" అన్నాడు పక్క సీటాయన. యాభై దాటిన మనిషి, చేతులు కాయలు కాసి ఉన్నాయి.

"మీకేం తెలుసండీ?" అని కసిరాను.

ఆయన నొచ్చుకోలేదు. "తొడల కాడ కుచ్చులు లోపలికి మడతపడ్డయ్ చూడు. వేలు పెట్టి చుట్టూ బయటికి తియ్యి."

తీశాను.

"అవ్, గంతే. మా మనుమడికి ఆరు నెలలు నేనే కట్టిన. వాళ్లమ్మ, నా బిడ్డ, దవాఖానాల ఉండె."

కొత్తగూడెం దాకా చుక్క కారలేదు. అయినా నాకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న సంగతి ఒక్కరూ చెప్పకుండా, అందరూ నన్నే తప్పుబట్టారని ఒళ్లు మండింది. ఆ కోపంలో, ఆయన "పోయొస్త బిడ్డా" అని దిగిపోతుంటే సరిగ్గా తలైనా ఎత్తలేదు.

మా వాడికిప్పుడు మూడేళ్లు. డైపర్లు ఎప్పుడో మానేశాడు. ఆయన కూతురు దవాఖానా నుంచి ఇంటికొచ్చిందో లేదో నేను అడగనే లేదు.