తాతయ్య దగ్గు, ముప్పై ముసలి ఎలుకలు

తాతయ్య నోరు ఊరుకోదు. చెప్పడానికి మాటలు అయిపోతే గొంతు సవరించుకుంటాడు. ఇరవై ఆరేళ్లుగా మెదడు పరిశోధనశాలలో ఎలుకల గదికి ఆయనే పెద్దదిక్కు. నానమ్మతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడి ఉంటాడు.

ఆ ఏడు గదికి ముప్పై ముసలి ఎలుకలు వచ్చాయి. ఎందుకో పరిశోధన నడిపే డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ప్రతి కణంలోనూ ఏటీపీ అనే ఇంధనం ఉంటుందట. మెదడు కణాలు దాన్ని కాల్చుకోవడమే కాక, కాస్త బయటికి వదిలి పక్కవాటికి కబురు పంపుతాయట. కడుపులో బిడ్డ మెదడు పెరిగేటప్పుడు ఆ కబుర్లు పనులు పురమాయిస్తాయి. వయసు మళ్లాక, దెబ్బతిన్న కణాల నుంచి కబుర్లు మరీ ఎక్కువైతే, మెదడును శుభ్రం చేసే కణాలు రెచ్చిపోయి బాగున్నవాటి మీదా పడతాయి.

"మా ఆవిడ ఇల్లు దులిపినట్టన్నమాట. చెత్తతో పాటు నా కళ్లజోడూ పోతుంది," అన్నాడు తాతయ్య.

డాక్టరమ్మ నవ్వింది. "అంతే బాబాయ్. ఆ కణాలకు చెవులు మూసే మందు ఇది. సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త నీళ్లు. ఏది దేనికో నాకూ తెలీదు, మీకూ తెలీదు. పరీక్ష అయ్యాకే ఆ లెక్క రాసిన చీటీలు విప్పుతాం."

పరీక్ష చిన్నదే. సందులున్న చెక్క పెట్టెలో ఎలుక దారి గుర్తుపెట్టుకుని తిండి దాకా చేరాలి. తాతయ్య పక్కన నిలబడి టైము రాయాలి. మూడు వారాలు తిరిగేసరికి ముప్పై ఎలుకలూ ఆరితేరిపోయాయి. డాక్టరమ్మ మాత్రం తల పట్టుకుంది. "నీళ్లు తాగినవీ ఇంత చురుగ్గా ఉంటే ఇక మందెందుకు? పని ఆపేయాల్సిందే."

మర్నాడు తాతయ్యకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఆ రోజు ఎలుకలన్నీ దారి తప్పాయి. ఒకటైతే మలుపు దగ్గర ఆగి, తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. బలవంతంగా ఒక దగ్గు దగ్గాడు. అది టక్కున సరైన సందులోకి తిరిగింది.

ఎలుక తప్పు మలుపు తిరగబోయినప్పుడల్లా ఇన్నాళ్లూ తన గొంతు దానంతట అదే గరగరలాడుతోందని, అది విని ఎలుకలు దారి మార్చుకుంటున్నాయని తాతయ్యకు అప్పుడు తెలిసింది.

"చెబితే గదిలోంచి పంపేస్తారే," అన్నాడు ఇంటికొచ్చి.

"మీ దగ్గు నేను నలభై ఏళ్లు భరించాను. వాళ్లు మూడు వారాలు భరించలేరా? పనికొచ్చే మందును మీ దగ్గు పాడుచేస్తే ఎట్లా? పోయి చెప్పండి," అంది నానమ్మ.

చెప్పాడు. డాక్టరమ్మ మూడు వారాల టైములన్నీ ఒకసారి తిరగేసింది. కాగితాల కట్ట చెత్తబుట్టలో వేసింది. "కొత్త పెట్టె చేయిద్దాం. మీరు గదిలోనే ఉండండి బాబాయ్, పరీక్షప్పుడు మాత్రం వరండాలో."

నోట్లో మిఠాయి బిళ్ల వేసుకుని తాతయ్య ఇరవై రోజులు తలుపు బయట కూర్చున్నాడు. చీటీలు విప్పారు. మందు తాగినవాటిలో చాలావరకు దారి గుర్తుపట్టేశాయి. మిగతావి సందుల్లోనే షికార్లు కొట్టాయి.

"అంటే నీళ్లు తాగినవి అన్నీ మరిచిపోయాయా అమ్మా?"

"దారి మరిచిపోయాయి బాబాయ్."

తాతయ్య దాణా డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. ముప్పై తలలూ ఒక్కసారే పైకి లేచాయి.