రోటికి బొట్టు, మట్టిలో సీసం

1997 సెప్టెంబరులో నన్ను విశాఖపట్నంలోని ఒక మట్టి పరీక్షా కేంద్రానికి శాస్త్రవేత్తగా వేశారు. హోదా పెద్దదే, ఫ్యాను కింద సీటు మాత్రం హెడ్ క్లర్కుది. నా మొదటి పని, గాజువాక అవతల పాత బ్యాటరీలు కరిగించే ఒక కొలిమి పక్కనున్న ఆకుకూర మళ్ళల్లో సీసం ఎంతుందో తేల్చడం. ఎక్కువని తేలితే కొలిమిని కదిలిస్తారు, లేదంటే అది అక్కడే ఉంటుంది. ఆ మళ్ళు నూకాలు అనే ఆవిడవి. పండిన గోంగూర సగం అమ్మేది, సగం ఇంట్లో వండేది. నేను మట్టి తీస్తుంటే ఆమె అడిగింది ఒక్కటే: "ఈ కూర పిల్లలకి ఎట్టొచ్చా, ఎట్టకూడదా? అది సెప్పండి మేడం."

పద్ధతి ఇది. మడిలో అక్కడక్కడ జానెడు లోతు మట్టి తీసి కలుపుతాం. ఇనుప పార ముట్టుకోం, ప్లాస్టిక్ గరిటే. పోల్చడానికి ఏ కొలిమీ లేని చోటి మట్టి కూడా కావాలి. అది తగరపువలస దగ్గర ఒక తోట నుంచి తెచ్చాను. నీడన ఆరబెట్టి, రాతి రోట్లో మెత్తగా నూరి, ఆమ్లంలో ఉడికించి, వడకట్టి, సీసాన్ని యంత్రంతో కొలుస్తాం.

మట్టి ఆరేలోగా దసరా వచ్చింది. ఆయుధపూజకి లారీవాళ్ళు లారీకి బొట్టు పెడితే, మేము యంత్రానికి, జల్లెడకు, రోటికి పెట్టాం. మా డైరెక్టరుగారు కృష్ణా జిల్లా మనిషి, ఆంజనేయ భక్తులు. కుంకుమ చాలదని ఎక్కడినుంచో నారింజరంగు సింధూరం తెప్పించి, స్వహస్తాలతో రోటి లోపల కూడా దిద్దారు. తుడవబోతే అపచారం అన్నారు. కొన్ని సింధూరాలను సీసంతోనే చేస్తారని ఆయన తమ డాక్టరేటులో చదివే ఉంటారు. చదువు చదువే, భక్తి భక్తే.

ముందు నూరింది తగరపువలస మట్టి, తర్వాత నూకాలు మడిది. కొలిస్తే రెండింట్లోనూ సీసం విపరీతంగా వచ్చింది. డైరెక్టరుగారికి పండగే. రెండు చోట్లా ఉంది కనుక ఇది ప్రకృతి సహజమని నివేదిక పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వట్టి ఆమ్లాన్ని కొలిచాను, సీసం లేదు. శుద్ధి చేసిన ఇసుకను ఆ రోట్లో నూరి కొలిచాను, బోలెడంత ఉంది. రోలు కడిగి మొత్తం మళ్ళీ చేశాను. తగరపువలస మట్టి కడిగిన ముత్యంలా వచ్చింది. నూకాలు మడిలో సీసం ఏ కాస్తో తగ్గిందంతే.

"దేవుడి బొట్టుకి దోషం అంటగడతావా అమ్మా?" అన్నారు డైరెక్టరుగారు. దోషం దేవుడిది కాదు, బొట్టు పెట్టిన చోటుదన్నాను. నేను పట్టు వదల్లేదు. చివరికి బేరం కుదిరింది. రెండో నివేదికలో సింధూరం మాట రాకూడదు, "సాంకేతిక కారణాల వల్ల" అని రాయాలి, అంకెలు మాత్రం నావే. అలా దేవుడి పరువూ, డైరెక్టరుగారి పరువూ ఒకే ముక్కతో దక్కాయి.

కొలిమిని కదిలించారు. ఎటంటే ఎలమంచిలి వైపు, ఇంకెవరి మడి పక్కకో. నూకాలుకి నేనే వెళ్ళి చెప్పాను. సంతోషించి, మరి మట్టిలో దిగింది ఎప్పుడు పోతుందని అడిగింది. సీసం కుళ్ళదు, ఆవిరి కాదు, దానంతటది పోదు, ఆ కూర ఇక తినొద్దు, అమ్మొద్దు అని చెప్పాల్సి వచ్చింది. ఆమె మళ్ళకేసి చూసి, "అయితే ఆడెల్లిపోనాడు, నానుండిపోనాను," అంది.

2000 దాటాక నానో టెక్నాలజీ గాలి వీచింది. అతిసూక్ష్మమైన ఇనుప రేణువులు వేస్తే సీసం మొక్కకి ఎక్కకుండా మట్టిలోనే కట్టుబడుతుందని డైరెక్టరుగారు ఒక ప్రాజెక్టు తెచ్చుకున్నారు. నూకాలు మడిలో వేసి చూద్దామన్నాను. పొలంలో ఫలితాలు చెప్పిన మాట వినవని, ఆయన మేడ మీద పూలకుండీల్లో వేయించారు. కుండీల్లో బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇంతా చేసి నేను తెలుసుకున్నది ఒకటే. మట్టిని పాడుచేసినవాణ్ణి పంపించడం వేరు, మట్టిని బాగుచేయడం వేరు. మొదటి పనికి మా ఆఫీసులో సంతకం చేసేవాళ్ళు ఉన్నారు. రెండోదానికి నేను రిటైరయ్యే నాటికి కూడా పోస్టు మంజూరు కాలేదు.