డ్రసీనాకు క్యాన్ నీళ్లు

మణికొండ ఫ్లాట్‌లో నాతో ఉన్న అమ్మాయిది కోస్తా. ఇద్దరిదీ హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు. హాల్లో కిటికీ పక్కన ఆమె డ్రసీనా మొక్క ఉండేది. పొడుగాటి ఆకులు, అంచులకు పసుపు గీతలు. ఆదివారం వస్తే చాలు, తడిబట్టతో ఒక్కో ఆకూ తుడుస్తూ దాంతో ముద్దుముద్దుగా మాట్లాడేది. నాకు ఒళ్లు మండేది.

మంట ఆ ముద్దులకు కాదు, నీళ్లకు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందట, పోస్తే ఆకుల కొసలు మాడతాయట. అందుకని మేం తాగే క్యాన్ నీళ్లే దానికీ పోసేది. మాది నల్గొండ జిల్లా. నేను పుట్టి పెరిగిందే ఆ ఫ్లోరైడ్ నీళ్లతో. పళ్ల మీది గోధుమరంగు చారలు కనబడతాయని నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. రెండేళ్లలో అదేమిటని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

తెలంగాణ కోసం వరసగా బందులు జరుగుతున్న రోజులవి. ఆమె రెండు వారాలు సెలవు పెట్టి ఊరికి పోతూ, "క్యాన్ నీళ్లే పొయ్యవే, మర్చిపోకు" అని మూడుసార్లు చెప్పింది. ఆమె వెళ్లగానే, మోకాళ్లు చూపిద్దామని అమ్మను దవాఖానకు తీసుకొచ్చాను. ఇంతలో బస్సులు ఆగి అమ్మ నా దగ్గరే చిక్కుకుపోయింది. క్యాన్లు తెచ్చే ఆటో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దొరికిన నీళ్లు అమ్మకే ఉంచాను. మొక్కకు మాత్రం బోరు నీళ్లు పోశాను. జాలేమీ పడలేదు. నిజం చెప్పాలంటే, చెంబు నిండా పోశాను.

ఆమె రైల్లో తిరిగొచ్చేసరికి ఆకుల కొసలు మాడాయి. చెప్పులైనా విప్పకుండా కుండీ దగ్గర కూలబడింది.

"ఏం పోశావే దీనికి?"

నేను నోరు తెరిచేలోపే కుర్చీలోంచి అమ్మ అంది: "దాన్నేమనకు బిడ్డా. క్యాన్ నీళ్లు నేనే తాగిన."

"మీకు ఊళ్లో బోరు నీళ్లు అలవాటే కదా ఆంటీ. మొక్క తట్టుకోలేదు, పాపం."

ఆ 'పాపం' వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ గొడవ ఎందుకని అమ్మ లోపలికి పోబోయింది. లేవాలంటే ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత ఒక్కో కాలూ చేత్తో జరుపుకోవాలి. మోకాళ్లు రెండూ వంకరపోయాయి. ఆ అమ్మాయి అప్పుడు చూసింది.

"అయ్యో, ఆంటీ కాళ్లకి ఏమైందే?"

"ఆ నీళ్లు అలవాటైనయి," అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. నాకు కావలసిందీ అదే. అయినా కసి తీరలేదు. "ఆకు కొసలు మాడితే ఏడుస్తున్నవు గదా! ఇటు చూడు, మంచిగ చూడు," అని అమ్మ కాళ్ల వైపు వేలు చూపించాను.

అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకొని, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు కిందికి లాగి కాళ్లు కప్పుకుంది.