బోణీకి ముందు అవ్వ

ఆ రోజుల్లో చట్టం మీద నాకున్నంత నమ్మకం దాన్ని రాసినవాళ్లకైనా ఉండేదో లేదో. కామర్స్ కాలేజీలో చేరిన మొదటి ఏడు వినియోగదారుల హక్కుల పాఠం ఒక్కటి చదివి (మార్కులు కూడా బాగానే వచ్చాయి, అదే కొంప ముంచింది) కామాటిపుర గల్లీలన్నింటినీ ఉద్ధరించడానికే పుట్టానని తేల్చుకున్నాను. మాది చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, పై అంతస్తు, నెత్తిమీద రేకులు. సరిగ్గా మే నెలలో ఫ్యాను కాలిపోయింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, తడి తువ్వాలు కప్పుకుని మూడు రాత్రులు కూర్చునే తెల్లవార్చింది. చూడలేక, ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఎనిమిది వందలూ తీసుకెళ్లి పాత ఫ్యాన్లు అమ్మే, గల్లీ అంతా మామ అని పిలిచే దుకాణదారు చేతిలో పెట్టాను. "రేపొచ్చి తీస్కపో బేటీ" అన్నాడు, నోట్లు గల్లాలో వేసుకుంటూ.

మర్నాడు సాయంత్రం వెళ్తే ఫ్యాను సిద్ధంగానే ఉంది, ధరే మారింది. "ఇంకో రెండొందలియ్యాలె. రాగి భావ్ పెరిగింది" అన్నాడు. ఎప్పుడో చుట్టిన పాత తీగకి రాత్రికి రాత్రే రేటెలా పెరిగిందో ఏ ప్రొఫెసరూ నాకు చెప్పలేదు. గొంతు సవరించుకుని పాఠమంతా అప్పజెప్పాను. మామ ఎంతో శ్రద్ధగా విని, "మస్తు చదివినవ్. బిల్లేది?" అన్నాడు. బిల్లు అడిగి తీసుకోవాలన్న ముక్కా ఆ పాఠంలోనే ఉంది. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, అవ్వకి ఇంకో రాత్రి జాగారమేనని ఏడ్చాను.

అవ్వకి అక్షరం ముక్క రాదు. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, మామ షట్టరెత్తి అగరుబత్తి వెలిగించేదాకా ఆగి, దుకాణం మెట్టు మీద కూర్చుంది.

"నీ ఫ్యానొద్దు బిడ్డా. మా పోరి పైసలు మాకియ్యి."

మామ మొహం మాడిపోయింది. బోణీ కాకముందే గల్లాలోంచి డబ్బు బయటికి పోతే ఆ రోజుకి వ్యాపారం మటాషేనని మా గల్లీలో నమ్మని దుకాణదారు లేడు.

"జర ఆగవ్వా, బోణీ కానియ్యి."

"ఎట్లయితది? ముందుగాల నేనొచ్చిన. నాది తేలినంకనే ఇంకొకరిది."

అంతలో స్విచ్చి కోసం ఎవరో వచ్చారు. అవ్వ మెట్టు మీంచి కదల్లేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మామ అగరుబత్తి వంక ఒకసారి, అవ్వ వంక ఒకసారి చూసి, పాత ధరకే ఫ్యాను ఇచ్చాడు. మూడంతస్తులూ తనే మోసుకొచ్చి బిగించాడు కూడా. ఆ మధ్యాహ్నం అవ్వ గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఇప్పుడు నేను వర్లిలో ఒక వినియోగదారుల సలహా కేంద్రంలో పని చేస్తున్నాను. డబ్బు తీసుకున్నాక ధర పెంచారని వచ్చినవాళ్లని "బిల్లుందా?" అని మహా గంభీరంగా అడుగుతాను. లేదంటారు. అవ్వ పోయి చాలా ఏళ్లయినా అప్పుడు ఆమె మీద ఎంత బెంగ పుడుతుందో! "రేపు దుకాణం తెరవగానే మీ ఇంట్లో పెద్దావిడని తీసుకెళ్లి మెట్టు మీద కూర్చోబెట్టండి" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. పైకి అనను. ఎంతైనా, పాఠంలో లేదు కదా.