కుండలో పోసిన షాంపేన్

కమాఠీపురాలో, ఒంటిగది ఇళ్ళ వరసలుండే చాళ్ళో మూడో అంతస్తులో ఉండే ఎల్లయ్య, ముప్పై ఏళ్ళు ఒక పెద్ద హోటల్లో పని చేశాడు. గ్లాసులు తుడవడానికి చేరి, విందుల్లో షాంపేన్ కలిపే మనిషిగా రిటైరయ్యాడు. దాని గురించి అడిగితే చంటిపిల్ల గురించి చెప్పినట్టు చెబుతాడు. సీసాను కుదపకూడదు. పళ్ళరసం ముందు, షాంపేన్ చివర. గ్లాసు వంచి అంచు మీదుగా జార్చాలి. బుడగ చచ్చిందా, ఇక అది ఉత్త పులుపు నీళ్ళే.

ఆ ముప్పై ఏళ్ళలో ఒక్క దసరాకీ ఆయన ఇంట్లో లేడు. పండగనాడే హోటల్లో రద్దీ. తల్లి రాజవ్వ ప్రతి ఏడూ అడిగేది, నువ్వు కలిపేదాని రుచేందని.

రిటైరైన రోజు తోటివాళ్ళు ఒక సీసా ఇచ్చారు. పాత దుప్పట్లో చుట్టి దసరాకని దాచాడు. మనవాళ్ళకు, ముందుగా తల్లికి, తన చేత్తో కలిపి ఇవ్వాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే. దిగులూ ఒకటుంది. సీసా ఆరు గ్లాసులకే వస్తుంది, వరసలో గదులు తొమ్మిది. చాళ్ళో ఒకరికి పోసి ఒకరికి మానేస్తే, ఆ మాట మళ్ళీ దసరా దాకా నడుస్తుంది.

పండగ పొద్దున ఆయన దానిమ్మకాయలకూ ఐసుకూ నాగ్‌పాడా బజారుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కిటికీలో ఖాళీ సీసా ఉంది. మంచినీళ్ళ కుండ మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. పక్కన పీట మీద రాజవ్వ, కాపలా.

సీసా మూత ఎగిరి పైకప్పుకు తగిలిందని, ఆ చప్పుడుకు మనవరాలు రాధిక స్నానం నుంచి ఉరికొచ్చిందని ఆమె సంబరంగా చెప్పింది.

"కల్లు పొద్దుగాల దించితే తియ్యగుంటది కొడుకా. కుండల పెడితే మాపటికి నురగ కడతది. ఇది సుత గంతే గదా అని పోసిన."

ఎల్లయ్య గుడ్డ విప్పి చెవి పెట్టాడు. చప్పుడు లేదు. చెంచాతో నాలుక మీద వేసుకున్నాడు. రుచి ఉంది, కొత్తగా మట్టి వాసన కూడా ఉంది, చురుక్కుమనడం మాత్రం లేదు. ఆయన మొహం చూసి భార్య రత్నాబాయి స్టవ్వు తగ్గించేసింది. రాధిక మరాఠీలో నానమ్మ మీద విసుక్కోబోతే ఆయన కళ్ళతోనే ఆపాడు. ఎనభై రెండేళ్ళ మనిషి, తిండి మానుకొని కుండ దగ్గర కూర్చుంది. హోటల్లో కూడా తన సీసాను అంత భద్రంగా ఎవరూ చూడలేదనిపించింది ఆయనకు.

"ఏంది, పొంగలేదా?" అంది రాజవ్వ.

"పొంగుతది అవ్వా. జర టైం పడతది."

రాధికను కిందికి పంపి గోలీసోడాలు తెప్పించి, అన్నిటినీ ఐసులో పాతేశాడు.

సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకోవడం అయ్యాక, గదుల ముందు గ్యాలరీలో బల్ల మీద చాయ్ గ్లాసులు పరిచాడు. అడుగున పటికబెల్లం పలుకు, దాని మీద దానిమ్మ రసం, కుండలోంచి రెండు వేళ్ళంత. చివరికి గ్లాసు వంచి చల్లటి సోడా. పటికబెల్లం మీంచి బుడగలు దారం కట్టినట్టు పైకి లేచాయి. సోడా తోడయ్యాక పద్దెనిమిది గ్లాసులు నిండాయి. తొమ్మిది గదుల్లో ఏ గడపా మిగల్లేదు.

రాజవ్వ ముందుగా బంతిచెట్టు డబ్బాలో నాలుగు చుక్కలు వంచింది. అమ్మవారికి సాక పొయ్యందే ఆమె ఏదీ నోట పెట్టదు. తర్వాత మెల్లగా తాగింది. ఎల్లయ్య హోటల్లో అలవాటైనట్టు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకొని నిలబడ్డాడు.

"ఎట్లుందవ్వా?"

"కల్లంత గట్టిగ లేదు." ఇంకో గుటక వేసింది. "గీ సల్లటిదానికేనారా ముప్పై ఏండ్లు పండుగ ఇడిసిపెట్టినవు? పోనీ తియ్. బాగనే ఉంది. ఇంకింత పొయ్యి."

వరసంతా నవ్వింది. ఎల్లయ్య తన గ్లాసు కూడా ఆమె గ్లాసులోకి వంచేశాడు.

మూలగది మంగేష్ తన గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, ఈ మట్టి వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా చేశావో నేర్పమని పట్టుబట్టాడు. ఎల్లయ్య దాచుకునే మనిషి కాదు. తల్లి పక్కనే కింద కూర్చొని మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు.

"పొద్దుగాల్నే మా అవ్వతోని సీసా మూత తీపియ్యాలె. అటెన్క పని తేల్కగైతది."