బతికి ఇల్లు చేరిన ఇస్సాకు

1953 వానాకాలంలో బస్సు డిపో మెకానిక్ ఇస్సాకు కాలిలో తుప్పు మేకు దిగింది. దెబ్బలు అతనికి అలవాటే. మేకు పీకి, గుడ్డ కట్టి, పనిలో పడ్డాడు. కొన్నాళ్లకే దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం. దవాఖానాలో చీకటి గదిలో పడుకోబెట్టారు. చిన్న చప్పుడైనా ఒళ్లు విల్లులా వంగిపోయేది. భార్య రాజమణి గుమ్మం బయటే కూర్చుని కనిపెట్టుకుంది. డాక్టర్లు ఆశ వదులుకున్నాక బతికాడు.

"గండం గడిచింది, ఇంకేం ఫికర్?" అన్నారు శాలిబండలో ఇరుగుపొరుగు.

ఇల్లు చేరాకే అసలు కష్టం మొదలైంది. నిలబడితే కాళ్లు వణికేవి. గ్లాసు చేతిలో నిలిచేది కాదు. ఎదురు దుకాణంలో కంచరి లక్ష్మయ్య రాగిబిందెల మీద సుత్తి వేస్తే మంచంపట్టె పట్టుకుని బిగుసుకుపోయేవాడు. దవాఖానాలో తనను తాళ్లతో కట్టి బావిలోకి దించారని నమ్మేవాడు. ఆ మాట చాలాకాలం లోపలే దాచుకుని, ఒకనాడు భార్యతో అనేశాడు.

"నాకు పిచ్చి లేసిందా రాజమణీ?"

ఆమె నవ్వలేదు. "బావిల ఎవ్వరు దించలే. కింద పడతవని మంచానికి కట్టిన్రు. నేను చూసిన. మందు మత్తుల నీకు గట్ల కనవడ్డది."

అతను ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ విసుక్కోకుండా చెప్పింది.

సంగతి తెలిసి లక్ష్మయ్య దుకాణం వేరేచోటికి మారుస్తానన్నాడు. ఇస్సాకే గోడ పట్టుకుంటూ వెళ్లి అతని మెట్టు మీద కూర్చున్నాడు.

"కొట్టు లక్ష్మన్నా, మెల్లగ కొట్టు. డిపోల ఇంతకంటే మస్తు లొల్లి. నేనే అలవాటు చేసుకోవాలె."

మొదటి దెబ్బకే ఒళ్లంతా చెమట. అయినా లేవలేదు. రోజూ వెళ్లాడు. ఎండలు ముదిరేనాటికి డిపోకు నడిచి వెళ్లగలిగాడు. వేళ్లలో పాత పట్టు మాత్రం తిరిగి రాలేదు. సామాన్ల గదిలో పని ఇచ్చారు.

తనలాంటివాళ్లు ఇంకెందరో అన్న ఆలోచన అతన్ని వదల్లేదు. వార్డు నర్సు దగ్గరికి వెళ్లి, "సిస్టర్, చావు దాకా పోయొచ్చినోళ్లను ఇంటికి పంపేటప్పుడు నాకు జెర చెప్పున్రి. పోయి చూసొస్త" అన్నాడు. అప్పటినుంచి ఆదివారం ప్రార్థన కాగానే భార్యాభర్తలు అలాంటి ఇళ్లకు బయలుదేరేవారు.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో చంద్రమ్మ టైఫాయిడ్ నుంచి బయటపడి ఇంటికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడదు, అన్నం ముట్టదు. కోడలికి గాలి సోకిందని అత్త రుక్మిణమ్మ భయం. ఇస్సాకు గడప దగ్గర కూర్చున్నాడు.

"చెల్లె, దవాఖానాల నాకు బావి కనవడ్డది. నీకేం కనవడ్డది?"

ఆమె అతని వైపు తిరిగింది. "నా బిడ్డను ఎత్తుకపోయిన్రు అన్నా. వీళ్లు తెచ్చిపెట్టిన పిల్ల నా పిల్ల కాదు."

రాజమణి ఆ పసిపిల్లను తెచ్చి చంద్రమ్మ పక్కన పడుకోబెట్టింది. "తొందర లేదమ్మా. నీకు నమ్మకం కుదిరినప్పుడే ఎత్తుకో. ఈయన నమ్మనీకె గూడ శాన రోజులు వట్టింది."

నెల తిరిగేలోగా చంద్రమ్మ పిల్లకు తానే నీళ్లు పోసింది.

అందరి కథా అలా ముగియలేదు. కొందరు దవాఖానా దాటివచ్చి కూడా ఇంట్లో కన్నుమూశారు. అలాంటి చోట ఇస్సాకు పాడె మోయడానికి భుజం ఇచ్చాడు. మరుసటి ఆదివారం భార్యతో కలిసి ఇంకో గల్లీలో తలుపు తట్టాడు.