టీవీ మీద అరచేయి

నా చిన్నప్పుడు, మంచు కురిసే ట్రాయ్ ఊళ్ళో, మా పక్కింటి అంకుల్‌కి ఐస్ హాకీ అంటే ప్రాణం. అందులోనూ కొందరు డిఫెన్స్‌మన్‌లంటే మరీనూ. వెనక ఉండి తమ గోల్‌ని కాపాడాల్సినవాళ్ళే, సందు దొరికితే చాలు, అవతలి చివరిదాకా దూసుకుపోయి గోల్ కొట్టే రకం. అలాంటి మహానుభావుల ఆటలన్నీ టేపుల మీద రికార్డు చేసి దాచుకున్నారు.

పదకొండేళ్ళ నేనూ డిఫెన్స్‌మన్‌నే. రెండు మూడు గోల్స్ కొట్టేసరికి నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

ఆ చలికాలం మా అమ్మ క్యాన్సర్‌తో మంచంలో ఉంది. నాన్న నన్ను గేమ్స్‌కి తీసుకెళ్ళేవారు, పద్నాలుగేళ్ళ అక్క అమ్మ దగ్గర ఉండేది. నాకు స్కేటింగ్ నేర్పిందే అక్క. ఆ ఏడు తన టీమ్ మానేసింది. ఎందుకని నేను అడగనైనా లేదు.

ఒక శనివారం గోల్ కొట్టి వచ్చి అంకుల్ దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"అక్క నా ఒక్క గేమ్‌కీ రాదు అంకుల్. షీ డజంట్ కేర్."

ఆయన టీవీ దగ్గరికి వెళ్ళారు. తనకిష్టమైన గోల్ టేపు ఒకటి పెట్టి, మధ్యలో ఆపి, దూసుకుపోతున్న ఆ డిఫెన్స్‌మన్‌ని అరచేత్తో మూసేశారు.

"ఇప్పుడెవరు కనిపిస్తున్నార్రా?"

ముందు వరస ఆటగాడొకడు వెనక్కి వచ్చి, అతను వదిలిన చోట కాపలా నిలబడుతున్నాడు. ఆ టేపు ఎన్నిసార్లు చూశానో! వాణ్ణి మాత్రం ఎన్నడూ చూడలేదు.

"వీడు ఆగబట్టే వాడు వెళ్ళాడు. గోల్ కొట్టాలని వీడికి మాత్రం ఉండదా? మీ ఇంట్లో నీ ప్లేస్ కవర్ చేస్తున్నదెవర్రా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పరిగెత్తితే, అక్క స్టవ్ దగ్గర అమ్మకు జావ కాస్తోంది.

"రేపు నేనుంటా, నువ్వు స్కేటింగ్ రింక్‌కి వెళ్ళు" అన్నాను.

"నీకు జావ కాయడం వచ్చా, మొహం!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

మర్నాడు గేమ్ మానేసి నేనే కాచాను. ఉండలు కట్టింది. అమ్మ రెండు చెంచాలు తాగి, బాగుందిరా అంది. అక్క సంబరంగా గరాజ్‌లోకి వెళ్ళి తన స్కేట్స్ దులిపి తొడుక్కోబోయింది. పట్టలేదు. ఏడాదిలో పాదాలు పెరిగిపోయాయి. నేను కాస్త ముందే అడిగి ఉంటే సరిపోయేవేమో. అక్క వాటిని పెట్టెలో పెట్టేసి, వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

మంచు కరగకముందే అమ్మ పోయింది. అక్క మళ్ళీ మంచు మీద అడుగు పెట్టలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. టీవీలో ఎవరైనా డిఫెన్స్‌మన్ గోల్ కొట్టి అందరూ లేచి అరుస్తుంటే, నా చెయ్యి దానంతటదే లేచి వాణ్ణి మూసేస్తుంది. ఆ వెనక, వాడు వదిలిన చోట, కాళ్ళకి పట్టని స్కేట్స్ చేతిలో పట్టుకుని మా అక్క నిలబడి కనిపిస్తుంది.